సగం గొరిగిన తల

నరహరికి అన్నం సయించడం మానేసింది.

పెన్న ఒడ్డున ఉన్న ఆ మఠంలో వ్యవహారాలన్నీ చూసేది అతనే. స్వామివారి శిష్యుడు, బిడ్డలున్నవాడు, తలుపు గడియ పెట్టి వచ్చాక కూడా మళ్ళీ వెళ్ళి తడిమి చూసుకునే రకం. అలాంటివాడి నెత్తిన కోట దొర ఒక తీర్పు చెప్పే భారం పెట్టాడు. ఊళ్ళో ఒకరికొకరు చేసే ప్రతి పనికీ, క్షౌరానికైనా పల్లకీ మోతకైనా, ఇకమీదట కోటకు పన్ను కట్టాలట. కట్టాల్సింది పని చేసేవాడా, చేయించుకునేవాడా? ఆ ముక్క ఉత్తరువులో లేదు.

ముందుగా తగాదా క్షౌరం దగ్గర మొదలైంది. క్షురకులు కత్తులు కింద పెట్టేశారు. ఊరంతా గడ్డాలు పెరిగాయి. "మీ మఠమే తేల్చాల. పున్నమి సాయంత్రానికి తేలకుంటే వీళ్ళ పొదులన్నీ కోటకు పట్టుకుపోతాం" అని తలారి చెప్పిపోయాడు. కత్తులుండే ఆ పొది పోతే క్షురకుడి ఇంట్లో పొయ్యి ఆరినట్టే.

నరహరి రెండు పక్షాలనూ పిలిచి అడిగాడు.

"కూలి పుచ్చుకునేది వాడు. పన్నూ వాడే కట్టాల" అన్నాడు చేయించుకునేవాళ్ళ తరఫున వచ్చిన గురవయ్య శెట్టి, గడ్డం గోక్కుంటూ.

"నున్నగా అయ్యేది ఎవురి మొగం శెట్టీ? నాదా, నీదా?" అన్నాడు ఓబులేసు. ఊళ్ళో క్షురకులకు అతనే పెద్ద.

అదీ నిజమే అనిపించింది నరహరికి. "అయితే చేయించుకునేవాళ్ళే కడతారులే" అన్నాడు.

ఓబులేసు ముఖం వాడిపోయింది. "అట్లంటే ఇంగ నా కాడికి ఎవురొస్తారు సామీ? వారానికోపారి వచ్చేటోడు పండక్కు గాని రాడు. మళ్ళా కాలేది నా కడుపే గదా!"

ఎటు తిప్పినా ఒకరికి అన్యాయం. ఒక్కోసారి ఇద్దరికీ అన్యాయం. నరహరికి బుర్ర తిరిగిపోయింది.

పున్నమి వచ్చింది. స్వామివారికి క్షౌరం చేసే రోజు. ఊళ్ళో కత్తి ముట్టనన్న ఓబులేసు కూడా "సామి తల సంగతి వేరు" అని పొది చంకన పెట్టుకుని వచ్చాడు. పెరట్లో రాతి బండ మీద స్వామివారు తల వంచి కూర్చున్నారు. కుడివైపంతా నున్నగా అయింది.

పక్కన నిలబడ్డ నరహరి ఇక ఉండబట్టలేకపోయాడు. "మన్నించండి స్వామీ. ఇదీ ఒక పనే కదా. దీనికీ పన్ను ఉంటుంది. అది మీరు కట్టాలా, ఓబులేసు కట్టాలా?"

స్వామివారు చెయ్యెత్తారు. "ఆపు ఓబులేసూ. తేలనీ."

"రోంత సేపే సామీ, ఎడమపక్క కూడా..."

"తేలనీ నాయనా."

లేచి, అదే తలతో వెళ్ళి మఠం మండపంలో కూర్చున్నారు. ఒక పక్క రాగిచెంబులా మెరుస్తోంది. ఇంకో పక్క నెరిసిన వెంట్రుకలు నిక్కి ఉన్నాయి. దర్శనానికి వచ్చినవాళ్ళు దండం పెట్టి, తలెత్తి చూసి, నవ్వు దాచుకోవడానికి మళ్ళీ దండం పెడుతున్నారు.

"ఏం సామీ, కత్తి ఇరిగిపాయనా?" అంది ఒక ముసలామె.

"లేదమ్మా, తీర్పు రాలేదు."

క్షౌరం పూర్తి కాకుండా స్నానం లేదు. స్నానం లేకుండా పూజ లేదు, పూజ కాకుండా భిక్ష లేదు. స్వామివారు తినకుండా మఠంలో ఎవరూ తినరు. పొద్దు నడినెత్తికి వచ్చింది. స్వామివారి పెదవులు ఎండిపోవడం నరహరి చూశాడు. ఆ ప్రశ్న అప్పుడే అడగాలా అని తనను తాను తిట్టుకున్నాడు. అడగకపోతే అది తప్పు కాదా అని మళ్ళీ సందేహపడ్డాడు.

ఓబులేసు చూరు కింద కాలు కాలిన పిల్లిలా తిరిగి తిరిగి చివరికి నరహరి ముందుకొచ్చాడు. "ఓబులేసు చేసిన పని సూడండ్రా అని ఊరు ఊరంతా నవ్వుతాంది. పన్ను నేనే కడతా. నన్ను ముగించనీ సామీ!"

అప్పుడే దర్శనానికి వచ్చిన గురవయ్య శెట్టి ఆ తల చూసి లెంపలు వాయించుకున్నాడు. "ఎంత అపచారం! చేయించుకునేది మా స్వామి. స్వామి తరఫున పన్ను నేను కడతా."

"నువ్వెవురప్పా కట్టేదానికి? పని నాది."

"తల మా స్వామిది రా!"

"కత్తి నాది!"

నరహరి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. నిన్నటిదాకా ఎవరిని కట్టమనాలో తెలియలేదు. ఇప్పుడు ఎవరిని వద్దనాలో తెలియడం లేదు. పరుగున వెళ్ళి స్వామివారి ముందు నిలబడ్డాడు.

"స్వామీ, ఇద్దరూ కడతామంటున్నారు."

"నిన్న?"

"నిన్న ఇద్దరూ కట్టనన్నారు."

స్వామివారు తల ఊపి, వెళ్ళి రాతి బండ మీద కూర్చున్నారు. ఓబులేసు పరుగెత్తుకొచ్చి, మిగతా సగం ముగించాడు. పన్ను మాట ఎవరూ ఎత్తలేదు. స్నానమైంది, పూజ అయింది, విస్తరి వేశారు.

నరహరి మంచినీళ్ళ చెంబు అందించాడు. పొద్దు వాలుతోంది. "స్వామీ, తలారి చావడిలో కూర్చున్నాడు. నాకు ఇప్పటికీ ఏమీ అర్థం కాలేదు. వెళ్ళి ఏం చెప్పను?"

"ఏమీ చెప్పకు. గడ్డం పెరిగినవాడిని ఒకణ్ణి కూర్చోబెట్టి, ఓబులేసును కత్తి తియ్యమను."

"తరవాత?"

స్వామివారు నీళ్ళు తాగి చెంబు కింద పెట్టారు.

"సగమయ్యాక అడుగు."