తెరేజమ్మ చెప్పిన ఆటంకం

"ఫాదర్, ఒకటి అడుగుతా, కోప్పడొద్దు. పొద్దున పూజ అయ్యాక మీరు చేసేదంతా ఇల్లిల్లూ తిరిగి కాఫీలు తాగడమేగా. ఈ గుడి చూసుకునే విచారణ గురువు పనంటే ఇంతేనా?"

అడిగింది బ్రదర్ బాలశౌరి. మనోడు గురువు కావడానికి సెమినరీలో చదువుతున్నాడు, ఓ ఏడాది పని నేర్చుకోమని ఈ ఊరి గుడికి పంపారు. పెళ్ళిళ్ళకీ పూజలకీ తిరుసభ పెట్టిన చట్టాలన్నీ నోటికొచ్చు, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేస్తాడు. ఫాదర్ ఇన్నాసి గారికేమో ఒక అలవాటు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెప్తారు. "ఈ ఆదివారం మన కీబోర్డు పిల్ల స్టెల్లా పెళ్ళి ప్రకటన నువ్వే చదువు బ్రదర్" అన్నారు. అంతే, లేచి వెళ్ళిపోయారు.

ఆదివారం పూజ చివర్లో మనోడు మైకు పట్టుకున్నాడు. గొంతు సవరించి, ఊరి బయట చేలల్లోకి కూడా వినపడేలా పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురి పేరు, వాళ్ళ అమ్మానాన్నల పేర్లు చదివాడు. "ఈ వివాహమునకు ఏదైనా ఆటంకము ఉన్నట్లు తెలిసినవారు విచారణ గురువులకు తెలియజేయవలెను." ఎప్పుడూ చదివే మాటే. ఎవరూ నోరు తెరవరు.

"నాకు తెలుసు ఆటంకం!"

ఆడోళ్ళ వైపు నుంచి తెరేజమ్మ లేచి నిలబడింది. స్టెల్లా జ్ఞానస్నానం నాడు బిడ్డని చేతుల్లో ఎత్తుకుని నిలబడ్డ జ్ఞానతల్లి ఆమె.

మనోడికి చదివిన చదువంతా ఒక్కసారి పొంగుకొచ్చింది. మైకు ఆపాలన్న సంగతి మాత్రం తట్టలేదు. "ఏం ఆటంకం అమ్మా? రక్తసంబంధమా? అమ్మాయికి ఇంతకుముందే పెళ్ళయిందా?"

ఊరు మొత్తం విన్నది. కీబోర్డు దగ్గర కూర్చున్న స్టెల్లా మొహం పాలిపోయింది. ప్రకటన వినడానికి పనిగట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్న పెళ్ళికొడుకు తండ్రి అంతోని కండువా దులిపి లేచాడు. "ముందే పెళ్ళా? ఈ సంబంధం మాకొద్దు. పదండ్రా!"

ఫాదర్ గబగబా వచ్చి మైకు లాక్కున్నారు. "అంతోని గారూ, కాసేపు కూర్చోండి. ఆటంకం వినాల్సింది నేను. తెరేజమ్మా, ఇంటికొస్తున్నా, కాఫీ పెట్టి ఉంచు."

తెరేజమ్మ ఇంట్లో ఫాదర్ మంచం మీద తీరిగ్గా కూర్చున్నారు. "అదేంటో అడగండి ఫాదర్, అవతల సంబంధం తప్పిపోయేలా ఉంది" అని మనోడు చెవిలో గొణిగాడు. ఫాదర్ వినిపించుకుంటేగా. "తెరేజమ్మా, తల మీద నీళ్ళు పోసినప్పుడు స్టెల్లా ఏడ్చిందా?"

"ఏడ్చిందా అంటారేంది ఫాదరూ! గుడి పైకప్పు లేచిపోయింది. నా పట్టుచీర కూడా తడిపేసింది. వాళ్ళమ్మకి పాలు పడకపోతే ఎవరి గేదె పాలు తాగి పెరిగిందనుకున్నారు?" అంటూ అంటూనే ఆమె కొంగు కళ్ళకి అద్దుకుంది. "అసుంటి పిల్ల పెళ్ళి నాకు మైకులో తెలిసిందయ్యా. మైకులో!"

మనోడు టక్కున ఫోను తీశాడు. "వాళ్ళమ్మకి చేస్తా ఫాదర్, ఇప్పుడే మాట్లాడిద్దాం. స్పీకర్ పెడతా."

"ఇంకో మైకా? జేబులో పెట్టు. నడిచెళ్ళి వాళ్ళమ్మని తీసుకురా."

స్టెల్లా వాళ్ళమ్మ రాయమ్మ పళ్ళెంలో ఆకులూ వక్కలూ అరటిపళ్ళూ పెట్టుకుని వచ్చింది. వెనక స్టెల్లా, ఆ వెనక సంగతేంటో తేల్చుకుందామని అంతోని. రాయమ్మ గడప దగ్గరే నిలబడి, "ప్రకటన అయ్యాక వద్దామనుకున్నా వదినా, బుద్ధి తక్కువై" అంది. తర్వాత పళ్ళెం ముందుకు చాపింది. "స్టెల్లాకి పెళ్ళి కుదిరింది. నువ్వు ముందుండి జరిపించాలి."

తెరేజమ్మ కళ్ళు తుడుచుకుంది. పళ్ళెం వంక చూసింది, పిల్ల వంక చూసింది. అప్పుడు కళ్ళు ఇంతింత చేసుకుని, "ఆఁ! పెళ్ళి కుదిరిందా! ఎవరే పిల్లోడు? ఏ ఊరోళ్ళు?" అంది.

రాయమ్మ మొదట్నించీ చెప్పుకొచ్చింది. ప్రతి మాటకీ తెరేజమ్మ "ఔనా!" అంటూ బుగ్గ నొక్కుకుంది.

"మరి ఆటంకం సంగతేంటమ్మా?" అన్నాడు అంతోని, కండువా ఇంకా చేతిలోనే ఉంది.

"తీరిపోయింది అన్నయ్యగారూ. మా పిల్ల బంగారం. నేను ఆటంకం అన్నానే గానీ పెళ్ళయిందన్నానా? ఆ మాట పుట్టించింది ఇదిగో, ఈ బ్రదరు!"

అందరూ మనోడి వైపు తిరిగారు. మనోడు కాఫీ గ్లాసులో మొహం దాచుకున్నాడు. అంతోని ఎంత బిగబట్టినా నవ్వు ఆగలేదు. కండువా భుజాన వేసుకుని, ఫాదర్ పక్కనే మంచం మీద కూలబడ్డాడు.

తిరిగొచ్చేటప్పుడు ఫాదర్ బండి స్టార్ట్ చేస్తుంటే మనోడు ఉండబట్టలేక అడిగాడు. "అన్నీ మైకులో విన్నదిగా ఫాదర్. మళ్ళీ ఏమీ తెలీనట్టు ఆ అడగడమేంటి?"

"పొద్దున వినపడింది బ్రదర్" అన్నారు ఫాదర్. "చెప్పింది ఇప్పుడేగా. ఎక్కు."