గౌరినాయుడి ఆట

గౌరినాయుడు ఆ కబడ్డీ జట్టులో ఐదేళ్ళుగా రిజర్వు రైడరు. ఐదేళ్ళలో అసలు మ్యాచిలో అతను కూతకు వెళ్ళింది పదకొండుసార్లు. మిగతా కాలమంతా బెంచీ మీదే.

అలాగని ఖాళీగా లేడు. జట్టుకు కోచి దస్తగిరి మాస్టారు. ప్రతి సోమవారం ఆయన ఎదుటి జట్టు పెద్ద రైడరు వీడియోలు తెచ్చి నాయుడి ముందు పెట్టేవారు. ఆ రైడరు అడుగు, ఒడుపు, తప్పించుకునే తీరు రెండు రోజుల్లో నాయుడు ఒంటికి పట్టించుకునేవాడు. ఆ తర్వాత ఆ రైడరు నంబరున్న చొక్కా తొడుక్కుని మ్యాట్ మీదికి వచ్చేవాడు. పట్టేవాళ్ళు అతణ్ణి రోజుకు వందసార్లు పట్టి పడేసేవారు. నాయుణ్ణి పట్టడం వస్తే, శనివారం అసలువాణ్ణి పట్టడం వచ్చినట్టే.

"ఈ వారం నీ పేరేంటి బావా?" అని ఎడమ మూల ఆడే కోటేశు వేళాకోళం చేసేవాడు.

"పోయినవారం ఎవరిని పట్టబోయి మూతి పగలగొట్టుకున్నావో, వాళ్ళ అన్నని," అనేవాడు నాయుడు.

చేసే పనిలో అతనికి వంక పెట్టేందుకు లేదు. ఒక్కనాడూ ఆలస్యంగా రాలేదు. దెబ్బ తగిలిందని కూర్చోలేదు. కానీ శనివారం సాయంత్రం తమ పెద్ద రైడరు సుందరం కూతకు వెళ్తుంటే, బెంచీ కింద నాయుడి కాళ్ళు వాటంతటవే కదిలేవి.

ఒకసారి ఇంటికి ఫోను చేస్తే ఆరేళ్ళ కూతురు, "నాన్నా, నువ్వు టీవీలో కనబడ్డావు. సుందరం మామకి తువ్వాలు ఇచ్చావు," అంది సంబరంగా. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

ఆ ఏటి ఆటలు ముగిశాక వేరే జట్టు నుంచి కబురొచ్చింది. వచ్చే ఏడు మొదటి ఏడుగురిలో చోటిస్తామన్నారు. ఏ మాటైనా ఆ సాయంత్రంలోగా చెప్పమన్నారు. నాయుడికి అప్పటికి ఇరవైతొమ్మిదేళ్ళు. ఇలాంటి కబురు ఇంకోసారి రాదని అతనికి తెలుసు.

మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన మోకాలికి కాపడం పెట్టుకుంటున్నారు. రైల్వే జట్టులో ఆడిన రోజుల్లో దెబ్బతిన్న మోకాలది.

"నన్ను పంపించండి మాస్టారూ. ఐదేళ్ళు ఊరందరి ఆటలూ ఆడాను. నా ఆట నేను ఆడుకోవాలని ఉంది."

"నీ ఆటంటూ ఒకటుందా అప్పా?"

"లేకేమండి. అవకాశం రాలేదుగాని, సుందరానికి నేనేం తీసిపోను."

మాస్టారు కాపడం గుడ్డ పక్కన పెట్టి లేచారు. "రా, చూద్దాం."

పట్టేవాళ్ళను మ్యాట్ మీదికి పిలిచారు. "ఈరోజు నాయుడు ఎవరిలాగా రాడు. తనలాగే వస్తాడు. పట్టండి," అన్నారు.

నాయుడు సంచిలోంచి సొంత నంబరు చొక్కా తీసి తొడుక్కున్నాడు. దాని మడతలు ఇంకా పోలేదు.

నడిగీత దాటి కూత అందుకున్నాడు. కుడికి ఒరిగినట్టే ఒరిగి ఎడమ కాలు విసిరాడు. కోటేశు ఆ కాలు గాలిలోనే అందుకున్నాడు.

"ఇది ఆ హర్యానా పొడుగాయనది బావా. ఒక వారమంతా నీ దగ్గరే నేర్చుకున్నాం."

రెండోసారి నాయుడు తల వంచి చేతుల కిందనుంచి దూరబోయాడు. నడుము దొరికింది.

"ఇది ఆ బీహారు బక్కాయనది," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

మూడోసారి నాయుడు గీత దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. చిన్నప్పుడు వంశధార ఇసుకలో ఆడేటప్పుడు తను ముందు ఏ కాలు వేసేవాడో గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు. వెళ్ళాడు. పట్టుబడ్డాడు.

ఈసారి కోటేశు వేళాకోళం చేయలేదు. "ఇది సుందరానిది," అన్నాడు మెల్లగా.

నాయుడు లేవలేదు. మ్యాట్‌కి చెంప ఆనించి అలాగే ఉండిపోయాడు. కాసేపటికి, "రానని వాళ్ళకి చెప్పేస్తాను మాస్టారూ," అన్నాడు.

మాస్టారు చెప్పులు విడిచి మ్యాట్ ఎక్కారు. "నీ చొక్కా ఇటియ్యి."

నాయుడు చొక్కా విప్పి ఇచ్చి మ్యాట్ అంచుకు జరిగి ఒరిగాడు. మాస్టారు చెమటకు తడిసిన ఆ చొక్కాను పొట్ట మీదికి లాక్కుని తొడుక్కున్నారు. ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు. అరవై దాటిన మనిషి, కుంటుతూ వెళ్ళి నడిగీతకు దణ్ణం పెట్టి కూత మొదలుపెట్టారు. గొంతు జీరపోయింది గాని కూత తెగలేదు.

కుడివైపు వాడి చేతిని వేళ్ళతో తాకారు. ఏ రైడరైనా తాకిన మరుక్షణం గీతవైపు తిరుగుతాడు. మాస్టారు తిరగలేదు. మీదికి వస్తున్న చేతుల్లోకే ఇంకో అరడుగు వేశారు. భుజం దించారు. ఆ చేతులు ఆయన ముందు మూసుకునే లోపల, వాటి వెనకనుంచి గీతవైపు మళ్ళారు. కోటేశు వాటేసుకున్నది గాలిని. మాస్టారు కుంటుకుంటూనే గీత దాటారు.

కోటేశు ఖాళీ చేతులు దులుపుకుని లేచాడు.

"ఇది మన నాయుడిది," అన్నాడు కోటేశు. "ఎవరి చొక్కా తొడుక్కుని వచ్చినా, వీడు మాకు దొరకని రోజున చేసేది ఇదే."

నాయుడు లేచి కూర్చున్నాడు. ఇంతమంది ఆటలు చూశాడుగాని, తన ఆట ఎలా ఉంటుందో అతను ఎప్పుడూ చూడలేదు. ఎవరైనా కూర్చుని చూసి ఉంటారని కూడా అనుకోలేదు.

మాస్టారు మోకాలు పట్టుకుని మ్యాట్ మీదే కూలబడ్డారు. నాయుడు పరుగున వెళ్ళి పట్టుకున్నాడు.

"ఆ మోకాలితో మీకెందుకండీ ఇదంతా?" అన్నాడు.

మాస్టారు ఊపిరి తీసుకున్నారు. చొక్కా మాత్రం విప్పి ఇవ్వలేదు.

"వచ్చే ఏడు నువ్వు మా మీద ఆడడానికి వస్తావు కదప్పా," అన్నారు. "నిన్నెట్లా పట్టాలో వీళ్ళకి ఎవరో ఒకరు నేర్పాల."