నడిగట్టమ్మ గుడికి రెండు వాకిళ్లు

పెదకోట పట్నం నుంచి ఆవులవంక పల్లెకు వెళ్లే దారిలో, గుట్ట మీద నడిగట్టమ్మ తల్లి వెలసి ఉన్నది. ఈ గుడికి ఎదురెదురుగా రెండు వాకిళ్లు. ఒక వాకిట నిలబడితే పట్నపు మేడలు, రెండో వాకిట నిలబడితే జొన్నచేలు కనబడతాయి. అమ్మవారు ఎటూ మొగం తిప్పక అడ్డంగా కూర్చున్నది. కొత్తగా వచ్చినవారు ఎటు నుంచి దండం పెట్టాలో తెలియక తికమకపడటం మామూలే.

పూర్వం ఇక్కడ ఒట్టి బండ ఉండేది. ఆవులవంకలో యర్రన్న అనే గొల్లవాని భార్య నాంచారి పట్నంలో పుట్టి పెరిగిన పిల్ల. పల్లెలో ఉంటే అంగడి వీధి సందడి, సాయంత్రపు సన్నాయి గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు. పోనీ అని పుట్టింటికి వెళితే, దూడలూ చేలగాలీ గుర్తొచ్చి కన్ను మూతపడేది కాదు. పాపం, ఏం చేస్తుంది? ఈ రాకపోకలకు విసిగి యర్రన్న ఒకనాటి సాయంత్రం, "ఈసారి వెళితే అక్కడే ఉండిపో" అనేశాడు. నాంచారికి రోషం వచ్చింది. పట్నంలో మిఠాయి అంగడికి పోయాలని రాత్రి కాచి ఉంచిన పాలకుండ నెత్తిన పెట్టుకుని, ఇక తిరిగి రానని తెల్లవారి బయలుదేరింది.

గుట్ట మీద బండపై కుండ దించి మూత తీస్తే ఏముంది, గడ్డపెరుగు. రోజూ ఇంటికి తోడేసే చెయ్యి, మర్నాడు తానే కూర్చుని తినబోతున్నట్టు, ఆ పాలకూ తోడేసేసింది. మిఠాయివాడు పెరుగు తీసుకోడు. ఇంటికి మళ్లుదామంటే మొగుడి మాట గుచ్చుకుంటున్నది. ఎటూ పోలేక ఏడ్చి ఏడ్చి అక్కడే నిద్రపోయింది.

కలలో పసుపు మొగం తల్లి కనబడి, "నాకూ ఆ పట్నపు దీపాలూ కావాలి, ఈ చేలూ కావాలే పిల్లా. ఒకటి వదులుకోమని ఎవరన్నా వినకు. నేనీ బండలోనే ఉన్నాను. పట్నం వైపూ పల్లె వైపూ మూయకుండా నాకు నీడ కట్టించు" అన్నది.

మెలకువ వచ్చేసరికి యర్రన్న రొప్పుతూ ఎదురుగా నిలబడి ఉన్నాడు. "నోరు జారానే. ఉండాలనిపించినన్నాళ్లు ఉండి రా" అన్నాడు.

"ఎన్నాళ్లని అడగవా మావా?" అన్నది నాంచారి.

"అడగను."

ఆమె గుండెలో బరువంతా దిగిపోయింది. కల సంగతి చెప్పి, ఆ పెరుగునే అమ్మకు నైవేద్యం పెట్టింది. ఇద్దరూ బండ పక్కనే కూర్చుని కడుపునిండా తిన్నారు. ఆ ఏడాది పంట చేతికొచ్చాక ఇద్దరూ కలిసి గుడి కట్టించారు.

నేటికీ పుట్టింటికి వెళ్లే కోడళ్లు, పట్నానికి పనికి వెళ్లేవారు అమ్మకు పెరుగన్నం నివేదిస్తారు. సాగనంపవచ్చినవారు ఈ గుట్ట మీద "మళ్లీ ఎప్పుడొస్తావు" అని అడగరాదు. అడగకుండా పంపితే, వెళ్లినవారు ఆ ఇంటికి చల్లగా తిరిగి వస్తారని నమ్మకం. యర్రన్న ఆ తరువాత ఎన్నడూ అడగలేదు. నాంచారి రాకుండా ఉన్నదీ లేదు.