గవరయ్య పెరట్లో రాజుగారింటి పెళ్ళి

అనగా అనగా సిరివరం అనే పట్నం. ఆ పట్నంలో ఆవుల్ని కాసేవాళ్ళూ, తోటలు కాసేవాళ్ళూ ఉన్నట్టే, కాలాన్ని కాసేవాడు కూడా ఒకడు ఉండేవాడు. అతని పేరు గవరయ్య.

కాలాన్ని కాయడమేమిటంటారా? చెబుతాను. కోటగుమ్మం దగ్గర ఒక నీళ్ళ గంగాళం. అందులో తేలుతూ, కొబ్బరిచిప్పలాంటి ఒక రాగి కుడుక. కుడుక అడుగున ఆవగింజంత చిల్లి. ఆ చిల్లిలోంచి నీళ్ళు ఎక్కీ ఎక్కీ కుడుక మునిగితే ఒక గడియ. మునగ్గానే గవరయ్య జేగంట మీద ఖంగున కొట్టేవాడు. కుడుకను తీసి, నీళ్ళు ఒంపి, మళ్ళీ తేల్చేవాడు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ఇదే పని. ముప్పై ఏళ్ళుగా ఇదే పని.

ఆ గంట విని ఊరు నడిచేది. బడి ఎప్పుడు పెట్టాలో, ఎసరు ఎప్పుడు పెట్టాలో, కొట్టు ఎప్పుడు కట్టాలో అన్నీ గవరయ్య గంటే చెప్పేది.

ఆ పట్నానికి రాజు శరభరాజు. చాలా మంచివాడు. మంచివాళ్ళతో వచ్చే చిక్కేమిటంటే, అవతలివాడికి ఏం కావాలో అడక్కుండానే ఇచ్చేస్తారు. కూతురి పెళ్ళి కుదిరిన సంతోషంలో రాజు గవరయ్యను పిలిపించాడు.

"గవరయ్యా! ముప్పై ఏళ్ళు కష్టపడ్డావు. అమ్మాయి పెళ్ళిదాకా నెల రోజులు నీకు సెలవు. తిను, పడుకో. నువ్వూ, నీ గంటా కూడా పని చేయడానికి వీల్లేదు. ఇది రాజాజ్ఞ!"

గవరయ్య పొంగిపోయాడు. మొదటి రోజు ఎండ ముఖం మీద పడేదాకా పడుకున్నాడు. రెండో రోజు పులిహోర వండించుకుని, తిని, మళ్ళీ పడుకున్నాడు. మూడో రోజు పడుకుందామంటే నిద్ర రాలేదు. చెయ్యి ఊరికే ఉండక, కనపడిన బిందెనల్లా టంగుమని కొట్టడం మొదలుపెట్టాడు. కూరలో ఉప్పు ఎక్కువైందన్నాడు, చారులో తక్కువైందన్నాడు. పాపం, అతని భార్య అచ్చమ్మకు తల బొప్పికట్టింది.

"ఏమయ్యా, నీ చేతికి పని లేకపోయేసరికి నా నోటికి పని ఎక్కువవుతోంది. వెళ్ళి రాజుగారిని అడుగు," అంది.

అయిదో రోజున గవరయ్య వెళ్ళి, "ప్రభూ, నా పని నాకిచ్చేయండి," అన్నాడు. రాజు నవ్వి, బుట్టెడు లడ్డూలు ఇచ్చి పంపాడు.

పదో రోజున మళ్ళీ వెళ్ళాడు. ఈసారి రాజు పట్టుపరుపు ఇచ్చి పంపాడు. దాని మీద గవరయ్య రాత్రంతా అటూ ఇటూ దొర్లాడు.

పదిహేనో రోజున మూడోసారి వెళ్ళాడు. రాజుకు కోపం వచ్చింది. "దయ చూపిస్తే బరువనిపిస్తోందా? నెల తిరక్కుండా కుడుక ముట్టుకున్నావో, ఊరు విడిచి పోతావు!"

పొద్దెక్కేదాకా పడుకోవడం మరిగిన కొలువువాళ్ళు ఇదే అదను అనుకున్నారు. "ప్రభూ, ఆ గంట మోత లేక చెవులు హాయిగా ఉన్నాయి. అసలు తీసేయిస్తే పోలేదా?" అన్నారు. "సరే, పెళ్ళి మర్నాడే దించేయండి," అన్నాడు రాజు.

గవరయ్య కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వచ్చాడు. అన్నం సహించలేదు. "ఇంక నా వల్ల ఊళ్ళో ఎవరికి పొద్దు తెలుస్తుందే, అచ్చమ్మా? నేనున్నా ఒకటే, లేకపోయినా ఒకటే," అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అచ్చమ్మ అటకెక్కి, గవరయ్య తాత వాడిన రాగి కుడుక దించింది. చింతపండు పెట్టి తోమి, పెరట్లో ఆనపపాదు కింద గంగాళంలో తేల్చింది. "గంట కొట్టకు. గడియకో చింతగింజ చేటలో వెయ్యి. ఎవరికి తెలుస్తుంది?" అంది. ఆ రోజు గవరయ్య రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

పెళ్ళిరోజు రానే వచ్చింది. పొద్దు పొడిచాక సరిగ్గా పదిహేడు గడియలకు ముహూర్తం. ఎండలో పాతిన మేకు నీడ చూసి చెబుతామని జోస్యులు ముగ్గురూ ధీమాగా కూర్చున్నారు. వేసవి కదా, ఉన్నట్టుండి గాలివాన మబ్బు కమ్ముకొచ్చింది. ఎండ పోయింది. నీడా పోయింది.

"ముహూర్తం దాటిపోయింది," అన్నాడు ఒక జోస్యుడు. "ఇంకా రెండు గడియలుంది," అన్నాడు రెండోవాడు. "ఇదే గడియ," అన్నాడు మూడోవాడు. మగపెళ్ళివారు లేచి నిలబడ్డారు. "ముహూర్తం తెలియని పెళ్ళికి మా అబ్బాయి పీటల మీద కూర్చోడు," అన్నారు. రాజుకు చెమటలు పట్టాయి.

గవరయ్య పందిట్లో వెనక వరసలో ఉన్నాడు. నోరు విప్పితే ఊరు విడవాలి. విప్పకపోతే పీటల మీద పెళ్ళి ఆగిపోతుంది. లేచి ముందుకు వచ్చాడు.

"ప్రభూ, రాజాజ్ఞ మీరాను. మా పెరట్లో రోజూ కుడుక తేలుస్తూనే ఉన్నాను. ఇవాళ నేను బయలుదేరేసరికి పదిహేను మునిగాయి. మా ఆవిడ దగ్గరుండి చూస్తోంది. శిక్ష తరవాత వేయండి, ముందు అమ్మాయిగారి పెళ్ళి కానివ్వండి."

"ఆ గంగాళం ఇక్కడికి తెప్పించండి!" అని రాజు కేక వేశాడు.

"కదిపితే నీళ్ళు తొణుకుతాయి, లెక్క చెడిపోతుంది ప్రభూ!"

అప్పుడు పెళ్ళికూతురు తలెత్తింది. "నాన్నగారూ, కాలం మన దగ్గరికి రాకపోతే మనమే దాని దగ్గరికి వెళదాం."

ఇంకేముంది! పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, పీటలు, పురోహితులు, మేళగాళ్ళు అందరూ గవరయ్య ఇంటికి పరుగు. మూరెడు పెరట్లో వియ్యంకులైన ఇద్దరు రాజులూ భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. అచ్చమ్మ గంగాళం మీంచి చూపు తిప్పకుండానే, "రండి, రండి. పదహారు అయ్యాయి. పదిహేడోది నిండుతోంది," అంది.

అందరూ గంగాళం వైపు వంగారు. నీళ్ళు కుడుక అంచుదాకా వచ్చాయి. బుడుంగుమని కుడుక మునిగింది. గవరయ్య గరిటె తీసి ఇత్తడి పళ్ళెం మీద కొట్టాడు. ఖంగ్! మేళం మోగింది. వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు.

కాసేపటికి మబ్బు వీడింది. జోస్యులు పరుగున వెళ్ళి నీడ కొలిచి, ముహూర్తం తరవాత మునిగిన కుడుకలు తీసేసి లెక్క కట్టి వచ్చారు. "ప్రభూ, వెంట్రుకవాసి తేడా లేదు," అన్నారు తలలు వంచుకుని.

రాజు గవరయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీకేం కావాలో ఇన్నాళ్ళూ అడగలేదు. తప్పు నాది. ఇప్పుడు అడుగుతున్నాను, చెప్పు."

"రేపు పొద్దున్నే గంట దగ్గర నా పీట వేయించండి ప్రభూ, చాలు."

రాజు పీట వేయించాడు. గంట దించమన్న కొలువువాళ్ళను పొద్దు పొడవకముందే వచ్చి గంగాళం నింపమన్నాడు. తెల్లారి మొదటి గడియకు జేగంట మోగేసరికి ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి చప్పట్లు కొట్టింది. గవరయ్య తల తిప్పలేదు. అతనికి పని ఉంది మరి!

అందుకే పిల్లలూ, సెలవు నాలుగు రోజులే ముద్దు; చేతినిండా పని నూరేళ్ళూ ముద్దు.