అడ్డం నిలిచిన గస్తీ పడవ

ఏరు సముద్రంలో కలిసేచోట ఒక ఇసుక దిబ్బ. దాని మీద తాబేళ్లు గుడ్లు పెట్టేవి. ఇవతలి ఒడ్డున మడ అడవిలో ఒక నక్క ఉండేది. దానికి ఆ గుడ్లంటే ప్రాణం. మధ్యలోని పాయలో ఒక గస్తీ పడవ తిరిగేది. గస్తీ అంటే వేరే ఏం లేదు, నక్క తాటిదోనె వేసుకుని బయలుదేరితే ఎదురెళ్లి అడ్డంగా నిలబడటమే. పదిహేనేళ్లుగా ఆ పడవ చేసింది అదే పని.

పడవ నడిపే సరంగు ఒక ముసలి నీటికుక్క. తెడ్డు వేసేది ఒక తల్లి తాబేలు. ఆ ఏడు ఆమె గుడ్లూ దిబ్బ మీదే ఉన్నాయి. ఇవాళో రేపో పిల్లలవుతాయి.

పడవ చెక్కలు వదులయ్యాయని నక్క కనిపెట్టింది. ఒకరోజు పాటు వేళ, అంటే నీరు సముద్రంలోకి దిగిపోయే సమయంలో, మునిగిపోతున్నానని పాయ నడుమ నుంచి కేకలు పెట్టింది.

తాబేలు తెడ్డు ఆపింది. “అది నక్క గొంతు మామా. వెళ్లొద్దు.”

“తెలుసమ్మా. కేక విన్నాక ఎవరిదని అడిగేటట్టయితే మనకీ పడవెందుకు?” అన్నాడు సరంగు.

వెళ్లారు. నీరు తక్కువగా ఉండటంతో పడవ ఇసుకమేటకి కొట్టుకుని, చెక్కలు విడిపోయి అక్కడే కూలబడింది. ఇద్దరూ ఈది దిబ్బ చేరారు. మేట అవతల దోనెలో కూర్చున్న నక్క, ఇక పెన్షన్ తీసుకుని ఇంట్లో కూర్చోమని సరంగుని ఎగతాళి చేసింది. పోటొచ్చి మేట మునగ్గానే వస్తానని, అందాకా గుడ్లు జాగ్రత్తని తాబేలుకి చెప్పి మరీ పోయింది.

తాబేలు గుడ్లున్నచోట ఇసుక మీద బోర్లా పడుకుంది. సరంగు ఆమె పక్కనే కూర్చున్నాడు.

పోటొచ్చింది. నీరు పెరిగి విరిగిన పడవని కప్పేసింది. నక్క కూనిరాగం తీస్తూ తిన్నగా దిబ్బకేసి వచ్చింది. పాయ నడుమ దోనె అడుగున ఫెళ్లుమంది. నీటి కింది పడవ తగిలి దోనె రెండుగా చీలింది.

“సరంగు బావా, మునిగిపోతున్నా. ఈసారి నిజం!”

సరంగు లేచేలోపే తాబేలు నీళ్లలోకి దిగింది. “మేం పోయినసారీ నిజమనే వచ్చాం,” అంటూ నక్కని వీపు మీద ఎక్కించుకుని, మడ అడవి ఒడ్డున దింపేసి వచ్చింది. దోనె లేని నక్క పాయ దాటలేదుగా.

మర్నాడు పొద్దున ఇసుక కదిలింది. రేగుపళ్లంత పిల్లలు బిలబిలమంటూ నీళ్లలోకి దిగాయి. తాబేలు లెక్కపెట్టబోయి, నవ్వుకుని మానేసింది. తర్వాత పాయకేసి చూసి, “పదిహేనేళ్ల పడవ పోయింది మామా,” అంది.

“ఎక్కడికి పోయిందే? అడ్డంగానే ఉందిగా,” అన్నాడు సరంగు.

నీతి: అడ్డు పోయిందని సంబరపడే ముందు, అది ఎక్కడికి పోయిందో చూసుకోవాలి.