మేక దాటని రోడ్డు

ఎవరేం అడిగినా సోమలింగం మాస్టారు వెంటనే జవాబు చెప్పరు. ముందు ఏదో ఒక పని పురమాయిస్తారు. అది అయ్యేసరికి అడిగినవాళ్ళకే సంగతి బోధపడుతుంది. చిన్నప్పుడు ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్న గోవర్ధన్‌కి ఈ అలవాటు తెలుసు. తెలిసే, ఆ ఆదివారం పొద్దున్న ఐదో తరగతి చదివే కూతురు లాస్యని వెంటబెట్టుకుని వచ్చాడు.

"మాస్టారూ, దీనికి కంప్యూటర్లో ఆటలు తయారుచెయ్యాలని సరదా. ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్పాలో తేల్చుకోలేక చస్తున్నాను."

"నాకు కంప్యూటరు ఆన్ చెయ్యడమే రాదు కదయ్యా! ఇన్నాళ్ళూ ఏమీ నేర్పలేదా?"

నేర్పకపోవడమేం, గోవర్ధన్ పడని పాట్లు లేవు. మొదట స్క్రాచ్ పెట్టాడు. అందులో తెర మీద రంగురంగుల ముక్కల్ని ఒకదానికొకటి అతికిస్తే బొమ్మలు కదులుతాయి. లాస్య దాంతో ఒక మేకని పుట్టించింది. ఆ మేక లారీల్ని తప్పించుకుంటూ రోడ్డు దాటి, అవతలి పెరట్లో బెండమొక్కలు మేసెయ్యాలి. అదీ ఆట. మేక నాలుగడుగులు వేసింది కూడా. ఇంతలో ఆఫీసులో ఒకాయన, "అది చంటిపిల్లల వ్యవహారమండీ, పైథాన్ మొదలుపెట్టించండి" అన్నాడు. గోవర్ధన్ పాతదంతా తీసేయించి మొదటి పాఠం నుంచి పైథాన్ పెట్టించాడు. అందులో మేక కాస్తా తెల్ల చతురస్రమైంది. అది సగం రోడ్డు దాటేలోపే బావమరిది ఫోన్ చేసి, "పెద్ద పెద్ద ఆటలన్నీ సీ ప్లస్ ప్లస్‌లోనే బావా, పునాది గట్టిగా ఉండొద్దూ?" అన్నాడు. మళ్ళీ మొదటి పాఠం. ఇప్పుడు మేకా లేదు, రోడ్డూ లేదు. పిల్ల తెర ముందు అంకెలు కూడుతూ కూచుంటోంది. ప్రతిసారీ కూతురికి మేలు చేస్తున్నాననే గోవర్ధన్ అనుకున్నాడు.

"పెళ్ళిసంబంధాలు చూసినట్టు భాషలు చూస్తున్నావే!" అని, ఇదంతా విన్న మాస్టారు నవ్వి, జేబులోంచి సుద్దముక్క తీశారు. "అమ్మడూ, నీ ఆటేదో ఈ గచ్చు మీద గియ్యి. లారీ నేను తోల్తాను."

లాస్య మోకాళ్ళ మీద కూచుని రోడ్డు గీసింది. మేకకి కొమ్ములు పెట్టి, గడ్డం కూడా పెట్టింది. మాస్టారు అగ్గిపెట్టెను లారీ చేసి ముందుకు తోశారు.

"తాతగారూ, మీ లారీకి హారన్ లేదు!"

"నా గొంతుందిగా! పాంయ్!"

పిల్ల పడీపడీ నవ్వింది. ఈ నవ్వు విని ఎన్నాళ్ళయిందో గోవర్ధన్‌కి గుర్తురాలేదు. సరదా పుట్టి, తనూ ముందుకు వంగి, "అలా కాదమ్మా..." అన్నాడు.

అంతే. లాస్య అరచేయి ఆనించి మేకని తుడిచేసింది. రోడ్డునీ తుడిచేసింది. అలిగీ కాదు, కోపంతోనూ కాదు. బడిలో లెక్క అయిపోయాక పలక తుడుచుకున్నట్టు.

"అయ్యో, ఎందుకమ్మా?" అన్నారు మాస్టారు.

"నాన్న ఎలాగూ మళ్ళీ మొదట్నుంచి అంటారుగా."

గోవర్ధన్ కిందపడ్డ సుద్దముక్క తీసి కూతురి చేతిలో పెట్టాడు. "అనను తల్లీ. రోడ్డు కాస్త వెడల్పుగా ఉంటే లారీ తిరుగుతుందని చెప్పబోయాను, అంతే. మేకని గియ్యి, నేను చూడాలి."

"ఇప్పుడొద్దులే నాన్నా. ఏ భాషో తేలాక గీస్తాను" అని, సుద్దముక్క అరుగు మీద పెట్టేసి చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది.

గోవర్ధన్ ఆ తెల్లటి మరకకేసి చూస్తూ నిలబడ్డాడు. "ఇప్పుడేం చెయ్యమంటారు మాస్టారూ?"

మాస్టారు అగ్గిపెట్టె తీసి జేబులో వేసుకున్నారు.

"ఇక తొందరేం లేదు నాయనా. తీరిగ్గానే ఎంచుకో."