పిడికెడు మంత్రించిన బియ్యం

ఎవరు ఏ ప్రశ్న అడిగినా వెంటనే జవాబు చెప్పకపోవడం మా గురువుగారికి ఉన్న ఒకే ఒక్క దురలవాటు. నిత్యబోధస్వాముల వారంటే చుట్టుపక్కల ముప్పై ఊళ్లవాళ్లు చేతులెత్తి మొక్కేవారు గానీ, వెంట తిరిగే మా ఇద్దరికి మాత్రం అప్పుడప్పుడు ఒళ్లు మండేది. ఆ రోజు పొద్దున్నే నాతోటి శిష్యుడు విరూపాక్షుడు అడిగాడు: "స్వామీ, ఎవరి బుద్ధితో వాళ్లు ఆలోచించుకోవాలంటారు మీరు. మరి నలుగురితో నారాయణ, గుంపులో గోవింద అని పెద్దలు ఊరికే అన్నారా? ఒక్కడి బుద్ధి పెడదారి పట్టొచ్చు. వందమంది బుద్ధి ఒక్కసారే పెడదారి పడుతుందా?"

గురువుగారు జోలె భుజాన వేసుకుని, "ఎండ ముదరకముందే నడుద్దాం పదండి" అన్నారు. అంతే. విరూపాక్షుడు నావైపు చూశాడు, నేను ఆకాశంవైపు చూశాను.

ఎండ ముదరనే ముదిరింది. చైత్రమాసం, అందులోనూ సీమ ఎండ. మిట్టమధ్యాహ్నానికి ఒక ఊరు చేరేసరికి ఇళ్లలో మనిషి లేడు. ఊరు ఊరంతా సుంకులమ్మ గుడి ముందర మూగి ఉంది. అమ్మవారి వెండి ముక్కుపుడక మొన్న పోయిందట. దొంగను పట్టడానికి వాళ్లకొక పద్ధతి ఉంది. పూజారి పసుపు కలిపి మంత్రించిన బియ్యం చేటలో పోసుకుని కూర్చుంటాడు. అనుమానం ఉన్నవాళ్లు తలా పిడికెడు నమిలి మోదుగాకు మీద ఉమ్మాలి. తడిగా పడితే తప్పు లేనివాడు. పొడిగా పడితే, అమ్మవారు దొంగ నోరు కట్టేసిందని లెక్క.

మేం వెళ్లేసరికి నలుగురు నమిలి గట్టెక్కారు. వాళ్లలో డప్పు కొట్టే మారెప్ప ఒకడు. వాడి నోట్లో నిద్రలో కూడా ఆకువక్క నానుతూనే ఉంటుందని పక్కనెవరో అన్నారు. అలాంటివాడికి ఇక పరీక్షేమిటి, నోరు తెరవకముందే గెలిచాడు! ఇక మిగిలింది గుడి ఊడ్చే తిప్పమ్మ. "రోజూ లోపలికి పోయేది అది గాక ఇంకెవురు?" అని ఊరిపెద్ద బసిరెడ్డి పొద్దున ఒక మాట అన్నాడట. మధ్యాహ్నానికి అది ఊరందరి మాటా అయి కూర్చుంది.

తిప్పమ్మ నమిలింది. చాలాసేపు నమిలింది. ఆకు మీద ఉమ్మితే పిండి రాలింది. 

"కట్టేసింది! తల్లి నోరు కట్టేసింది!" అని బసిరెడ్డి అరిచాడు. "కట్టేసింది! కట్టేసింది!" అని ఊరంతా అందుకుంది. అబద్ధమెందుకు, విరూపాక్షుడూ అరిచాడు, నేనూ అరిచాను. ఎందుకరిచామంటే ఏం చెప్పను? పక్కవాడు అరిచాడు, నా నోరు దానంతటదే తెరుచుకుంది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"పొద్దు వాలేలోగా పొలిమేర దాటల్ల" అన్నాడు బసిరెడ్డి. "తల్లీబిడ్డా ఇద్దరూ. నిప్పు గానీ నీళ్లు గానీ ఎవురూ ఇయ్యగూడదు."

బిడ్డ అంటే సాలమ్మ. పురిటికని పుట్టింటికి వచ్చింది. నెలలు నిండి, నిలబడలేక, గుడి గోడ పట్టుకుని ఉంది. పొలిమేర దాటితే మళ్లీ ఊరు రెండామడల దూరం, దారిలో చెట్టన్నది లేదు. తిప్పమ్మ కూతురిని చూసింది, మమ్మల్నందర్నీ చూసింది. "నేను తీయలేదు. నా బిడ్డ మీద ఆన, నేను తీయలేదు" అంది. ఆ మాటే మళ్లీ మళ్లీ అంది. వినేవాడు లేడు.

అప్పుడు గురువుగారు మెల్లగా అడిగారు: "విరూపాక్షా, నీకేమనిపిస్తోంది?"

"దొంగ ఆమేనని అందరూ అంటున్నారు స్వామీ."

"అందరి మాటా నాకూ వినబడుతోంది. నేనడిగింది నిన్ను."

విరూపాక్షుడు జవాబు చెప్పబోయి ఆగిపోయాడు. నాలుక అంగిలికి అంటుకుపోయిందట. గుటక వేయబోతే గొంతులో తడి లేదట. గబగబా జనాన్ని తోసుకుంటూ వెళ్లి చేటలో చెయ్యి పెట్టాడు. 

"సామీ, మంత్రించినవి! ముట్టగూడదు!" అని పూజారి లబలబలాడాడు. అప్పటికే విరూపాక్షుడు పిడికెడు నోట్లో పోసుకుని నములుతున్నాడు. తరువాత ఆకు మీద ఉమ్మాడు. పిండే. తిప్పమ్మదానికన్నా పొడి పిండి.

"నేనీ ఊరు చూడడం ఇదే మొదలు" అన్నాడు. "ముక్కుపుడక పోయిననాడు పది ఊళ్ల అవతల ఉన్నాను. తల్లి నా నోరెందుకు కట్టేసినట్టు?"

బసిరెడ్డికి కోపం వచ్చింది. "నువ్వు ఎండన పడి నడిచొచ్చినావు. ఇంతమందిలోకి వచ్చి బెదిరినావు. నోరు ఎండక ఏమయితాది?"

అన్నాక గానీ తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. వెనకనుంచి ఆయన మేనత్త నాగెమ్మ, ఎనభై ఏళ్ల మనిషి, కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. "ఒరే బసిరెడ్డీ, తిప్పమ్మ పొద్దుటి నుంచి యాడ కూచోనుందిరా, నీడపట్టునా? దానికి బెదురు లేదా? నాకు పండ్లు లేవు గానీ, నువ్వు నమలు, చూస్తాం."

కాదనడానికి లేదు. బసిరెడ్డి నమిలాడు. ఊరంతా ఆయన దవడవైపే చూసింది. ఉమ్మాడు. ఆకు మీద పడ్డది చూసి నాగెమ్మ పకపకా నవ్వింది, ఆ వెనక మారెప్ప, ఆ వెనక అందరూ. బసిరెడ్డి మొహం కందగడ్డ అయింది. కాసేపటికి తల వంచుకుని, "నీళ్లు తేండ్రా" అన్నాడు. చెంబు వచ్చాక తాను తాగలేదు. "ముందు తిప్పమ్మకీండి" అన్నాడు.

అమ్మయ్య! నా గుండె మీది బండ దిగింది. తిప్పమ్మ సగం చెంబు తాగి, మిగతాది కూతురికిచ్చి, అప్పుడు, అప్పుడు ఏడ్చింది. నాగెమ్మ ఆ పిల్లను చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయింది.

ముక్కుపుడక దొరికిందా అంటారేమో. మేం ఉన్నంతసేపు దొరకలేదు. దొరికిందని చెబితే కథ రక్తి కడుతుంది గానీ, గురువుగారి కథలో అబద్ధం కలపడానికి నాకు నోరు రాదు.

ఊరు దాటాం. విరూపాక్షుడు నిట్టూర్చాడు. "ఎంత పని జరిగేది స్వామీ! వందమందికి పైగా ఉన్నాం. అంతమందిమీ కలిసి నిండు చూలాలిని ఎండలోకి తరిమేవాళ్లం."

గురువుగారు నడక ఆపకుండానే అన్నారు: "వందమందా? నేను చూసినప్పుడు అక్కడ బసిరెడ్డి ఒక్కడే ఉన్నాడయ్యా. నువ్వు బియ్యం నోట్లో వేసుకున్నాక ఇద్దరయ్యారు."